తక్కెడను తూచేదెలా?

ఐటీఐల్లో నేర్పే ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ ట్రేడ్ రెండేళ్ల కోర్సు. సైన్సు, గణితంతో పదో తరగతి పాసైనవారు ఇందులో చేరవచ్చు. చివర్లో ఆల్ ఇండియా ట్రేడ్ టెస్ట్ ఉంటుంది. అది పాసైతే నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్ వస్తుంది. ఆ తర్వాత 1961 నాటి అప్రెంటిస్‌షిప్ చట్టం కింద రిఫైనరీలోనో, ఎరువుల ఫ్యాక్టరీలోనో, థర్మల్ విద్యుత్కేంద్రంలోనో కొంతకాలం పని నేర్చుకుని ఉద్యోగంలో కుదురుకుంటారు. కొలత పరికరాల రంగంలో ఇది తొలి మెట్టు. ఇంజనీరింగ్ డిగ్రీల మోజులో దీని ఊసు ఎవరూ పెద్దగా ఎత్తరు. కానీ భారతీయ దార్శనికులు దాదాపు పదిహేను వందల ఏళ్లు తగువులాడిన ప్రశ్న ఒకటి ఈ ట్రేడ్‌లో రోజూ ఎదురవుతుంది. కలిగిన జ్ఞానం నిజమైనదేనని ఎలా తెలుస్తుంది? రుజువుకు రుజువేది?

తక్కిన ట్రేడ్‌ల నుంచి దీన్ని వేరుచేసేది కూడా ఆ ప్రశ్నే. ఫిట్టర్ ఇనుమును ఆకురాయితో రుద్ది కొలతకు తెస్తాడు, వెల్డర్ అతుకుతాడు. వాళ్ల పని కంటికి కనిపిస్తుంది. ఇన్‌స్ట్రుమెంట్ మెకానిక్ తయారుచేసే వస్తువంటూ ఏదీ ఉండదు. కొలిమి లోపల వేడి ఎంత, గొట్టంలో ఆవిరి పీడనం ఎంత, మూసిన ట్యాంకులో ద్రవం ఏ మట్టాన ఉంది అనేవి చేయి పెట్టి చూసేవి కావు, తొంగి చూసేవీ కావు. వాటి సంగతి కంట్రోల్ రూమ్‌కు చేరవేసే పరికరాలు ఉన్నమాట చెబుతున్నాయా లేదా అని చూడటమే ఈ ట్రేడ్. మెకానిక్ చేతి నుంచి ఫ్యాక్టరీకి అందేది నమ్మదగిన అంకె, అంతే.

నమ్మకం ఎలా కుదురుతుందో వర్క్‌షాప్‌లో చేయించే తొలి అభ్యాసాల్లోనే తెలుస్తుంది. పీడనం చూపే బోర్డన్ గేజీని డెడ్ వెయిట్ టెస్టర్‌కు బిగిస్తారు. వైశాల్యం తెలిసిన పిస్టన్ మీద బరువు తెలిసిన బిళ్లలు పెడతారు. బరువును వైశాల్యంతో భాగిస్తే కింద నూనెలో ఉండాల్సిన పీడనం తేలుతుంది. గేజీ ముల్లు కూడా అంతే చూపాలి. సున్నా, పాతిక, సగం, ముప్పాతిక, నిండుగా అంటూ బరువు పెంచుకుంటూ ఒకసారి, దించుకుంటూ మరోసారి చదువుతారు. ఎక్కేటప్పుడు సగం దగ్గర చూపిన అంకె, దిగేటప్పుడు అదే సగం దగ్గర చూపకపోవచ్చు. ముల్లు మొదట్లోనే పక్కకు ఉంటే అది జీరో తప్పు. మొదలు సరిగా ఉండి పైకి పోయేకొద్దీ తేడా పెరిగితే అది స్పాన్ తప్పు. స్క్రూ తిప్పకముందు ఎంత చూపిందో, తిప్పాక ఎంత చూపుతోందో రెండూ కాగితం మీదికి ఎక్కాలి. మొదటి అంకె రాయకుండా గేజీని సరిచేసేస్తే, నిన్నటిదాకా అది చెప్పిన అబద్ధం ఎంతటిదో ఇక ఎవరికీ తెలియదు. ఈ ట్రేడ్‌లో నేర్చుకోవాల్సిన నీతి ఏదైనా ఉంటే ముప్పాతిక వంతు ఇక్కడే ఉంది.

అయితే ఆ బిళ్లల బరువు సరైనదేనని ఎలా తెలుసు? తెలివైన ఏ విద్యార్థికైనా వచ్చే సందేహమే ఇది. తెలుగువారు శ్రీపర్వతంతో, నాగార్జునకొండతో ముడిపెట్టి చెప్పుకునే బౌద్ధాచార్యుడు నాగార్జునుడు విగ్రహవ్యావర్తనిలో అడిగింది కూడా ఇదే. వస్తువులు ప్రమాణాల వల్ల, అంటే జ్ఞానాన్నిచ్చే సాధనాల వల్ల, తెలుస్తాయంటారు, సరే. ఆ ప్రమాణాలు వేటివల్ల తెలుస్తాయి? వేరే ప్రమాణాల వల్ల అంటే వాటికి మరికొన్ని కావాలి, ఆ వరసకు అంతుండదు. తార్కికులు దీన్ని అనవస్థ అంటారు. ప్రమాణాలకు రుజువు అక్కర్లేదంటే, అన్నిటికీ రుజువు కావాలన్న మొదటి పట్టు వదిలేసినట్టే. వస్తువు ప్రమాణాన్నీ, ప్రమాణం వస్తువునూ నిలబెడతాయంటారా? తండ్రి కొడుకును, కొడుకు తండ్రిని పుట్టిస్తే ఇద్దరిలో తండ్రెవరు, కొడుకెవరు అని నాగార్జునుడు ఎగతాళి చేశాడు.

ఈ తరహా ఆక్షేపణకు న్యాయసూత్రాల రెండో అధ్యాయంలో జవాబు ఉంది. గౌతముడు అక్కడ చూపించినది తక్కెడను. వాత్స్యాయనుడి భాష్యం దాన్ని విప్పి చెబుతుంది. బంగారం బరువు తేల్చేటప్పుడు తక్కెడ ప్రమాణం, బంగారం ప్రమేయం, అంటే తెలుసుకోవాల్సిన వస్తువు. ఆ తక్కెడ మీదే అనుమానం వస్తే, బరువు ముందే తెలిసిన బంగారాన్ని అందులో వేసి చూస్తారు. అప్పుడు బంగారం ప్రమాణం, తక్కెడ ప్రమేయం. ప్రమాణమన్నది ఒక వస్తువుకు పుట్టుకతో వచ్చిన హోదా కాదు, ఆ సమయానికి అది చేస్తున్న పని. అందుకే పరీక్షకు అతీతమైన తక్కెడ లేదు, పరీక్షించడానికి పనికిరాని తక్కెడా లేదు. కాలిబ్రేషన్ అనే పనికి ఇంతకంటే పొందికైన తాత్త్విక వివరణ ఆధునిక కొలతల శాస్త్రం పుస్తకాల్లో దొరకడం కష్టం.

ఫ్యాక్టరీలో ఈ వరస ఇలా నడుస్తుంది. ప్లాంటులోని గేజీని వర్క్‌షాప్‌లోని మాస్టర్ గేజీతో, దాన్ని ఎన్‌ఏబీఎల్ గుర్తింపు ఉన్న ప్రయోగశాల పరికరంతో, దాన్ని ఢిల్లీలోని నేషనల్ ఫిజికల్ లేబొరేటరీ ప్రమాణంతో పోలుస్తారు. ఆ లేబొరేటరీలో 57వ నంబరు కిలోగ్రాము ప్రతి ఉంది. దాని మాతృక పారిస్ దగ్గర సెవ్రలో ఉన్న ప్లాటినం-ఇరిడియం దిమ్మె. 1889 నుంచి 2019 దాకా లోకంలో కిలోగ్రాము అంటే ఆ దిమ్మె బరువే. నూరేళ్లలో దాన్ని తన ప్రతులతో పోల్చి చూస్తే సుమారు 50 మైక్రోగ్రాముల తేడా కనిపించింది. దిమ్మె తరిగిందా, ప్రతులు పెరిగాయా? నిర్వచనం ప్రకారం దిమ్మె తప్పడానికి వీల్లేదు కాబట్టి ప్రతులే పెరిగాయనాలి! పారిస్‌లోని మీటరు కడ్డీ మీటరు పొడవుందనీ అనలేం, లేదనీ అనలేం అని తత్త్వవేత్త విట్‌గెన్‌స్టైన్ గుర్తించిన చిక్కు ఇదే. 2019 మే 20 నుంచి దిమ్మెను పక్కనపెట్టి, ప్లాంక్ స్థిరాంకానికి ఒక విలువను ఖాయం చేసి కిలోగ్రామును దాని నుంచి రాబడుతున్నారు. ఆ విలువ ఖాయమైంది దేశాల ఒప్పందం వల్ల. సూత్రం మాటకొస్తే నాగార్జునుడే గెలిచాడు, తనంతట తాను నిలబడే ప్రమాణం దొరకలేదు. పని మాటకొస్తే గౌతముడు గెలిచాడు, అది దొరకకపోయినా తూకం ఆగలేదు.

అసలు ప్రతి జ్ఞానాన్నీ పరీక్షించాలా? ఇక్కడ మీమాంసకులకూ, న్యాయసూత్రాలను అనుసరించే నైయాయికులకూ మధ్య పెద్ద వాదం ఉంది. మీమాంసకుడు కుమారిలభట్టు మాటలో జ్ఞానం పుట్టుకతోనే ప్రమాణం. బాధకమైన మరో జ్ఞానం వస్తేనో, పుట్టిన కారణంలో దోషం బయటపడితేనో అది తప్పవుతుంది. అంతదాకా నమ్మాలి. దీన్ని స్వతఃప్రామాణ్యం అంటారు. నైయాయికులు ఒప్పుకోరు. జ్ఞానం నిజమా కాదా అన్నది దాని బయటి నుంచే తేలాలి. నీళ్లున్నాయనుకుని వెళ్లినవాడికి దాహం తీరితే ఆ జ్ఞానం నిజమైనది. ఇది పరతఃప్రామాణ్యం.

కంట్రోల్ రూమ్‌లో ప్యానెల్ ముందు కూర్చున్న ఆపరేటర్ మీమాంసకుడు. కాక తప్పదు. తెర మీది వందలాది అంకెల్లో ప్రతిదాన్నీ అనుమానిస్తే ప్లాంటు నడవదు. అలారం మోగేదాకా, రెండు అంకెలు ఒకదానితో ఒకటి విభేదించేదాకా కనిపించినదాన్ని నమ్ముతాడు. మెకానిక్ నైయాయికుడు. పరికరం బాగానే ఉందని పరికరమే చెబితే ఒప్పుకోడు, బయటి నుంచి తెలిసిన పీడనమో, తెలిసిన ఉష్ణోగ్రతో ఇచ్చి చూస్తాడు. ఒకరు నమ్మడానికి, మరొకరు అనుమానించడానికి జీతం తీసుకుంటున్నారు, రెండూ కావాలి. పరీక్షకు హద్దు ఎక్కడన్న విషయంలో మాత్రం కుమారిలుడి మాట పనికొచ్చింది. మూడు నాలుగు జ్ఞానాలకు మించి వెతకనక్కర్లేదని ఆయన తేల్చాడు. ప్రమాదకరమైన చోట రిఫైనరీలు ఒకే కొలతకు మూడు ట్రాన్స్‌మిటర్లు పెట్టి, ప్రమాదమని వాటిలో రెండు ఏకీభవిస్తే ప్లాంటును ఆపే ఏర్పాటు చేస్తాయి. కుమారిలుడి శ్లోకవార్తికం చదివి కాదు గానీ, అనవస్థను అవీ అక్కడే ఆపుతున్నాయి.

ప్రత్యక్షం, అనుమానం, ఉపమానం, శబ్దం అనే నాలుగు ప్రమాణాలను పిల్లలకు అర్థమయ్యేట్టు చెప్పిన తర్కసంగ్రహాన్ని రాసినవాడు ఆంధ్రదేశానికి చెందిన అన్నంభట్టు. పదిహేడో శతాబ్దపు ఈ చిన్న పుస్తకం తర్కశాస్త్రంలో తొలి మెట్టు. ఇప్పటికీ సంస్కృత పాఠశాలల్లో అక్కడి నుంచే మొదలుపెడతారు. ఇందులో ట్రేడ్ విద్యార్థికి నేరుగా పనికొచ్చేది అనుమాన ప్రకరణం. ఎందుకంటే పరికరం చూపేవాటిలో ప్రత్యక్షం చాలా తక్కువ, దాదాపు అంతా అనుమానమే. ట్యాంకు అడుగున పీడనం కొలిచి ద్రవం మట్టం ఊహిస్తారు. ఆ ఊహ వెనక ద్రవం సాంద్రత మారలేదన్న షరతు ఉంది. ఆరిఫిస్ ప్లేటుకు రెండు పక్కలా పీడనాల తేడా కొలిచి, దాని వర్గమూలం నుంచి ప్రవాహం లెక్కిస్తారు. అక్కడా అదే షరతు. పొగను చూసి నిప్పుందనవచ్చు గానీ నిప్పును చూసి పొగ ఉందనకూడదని తార్కికులు హెచ్చరిస్తారు. ఎర్రగా కాలిన ఇనుప గుండులో నిప్పుంది, పొగ లేదు. నిప్పు నుంచి పొగ రావాలంటే కట్టె తడిగా ఉండాలి. ఆ దాగి ఉన్న షరతుకే ఉపాధి అని పేరు. పరికరాల తప్పుల్లో తిరకాసైనవన్నీ గమనించని ఉపాధి వల్ల వచ్చినవే.

1979 మార్చి 28 తెల్లవారుజామున అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రంలో త్రీ మైల్ ఐలండ్ అణువిద్యుత్కేంద్రం రెండో యూనిట్‌లో జరిగింది దీనికి నిలువెత్తు ఉదాహరణ. పీడనం తగ్గించడానికి తెరుచుకున్న రిలీఫ్ వాల్వు మళ్లీ మూసుకోకుండా ఇరుక్కుపోయింది. ప్యానెల్ మీది దీపం మాత్రం మూసుకున్నట్టే చూపింది. ఆ దీపం వాల్వు ఏ స్థితిలో ఉందో చూసి వెలిగేది కాదు, మూసుకొమ్మని విద్యుత్ సంకేతం వెళ్లిందా లేదా అన్నంతవరకే చెప్పేది. సంకేతం వెళ్లింది కాబట్టి వాల్వు మూసుకుందన్నది అనుమానం. వాల్వు ఇరుక్కుని ఉండకూడదన్నది ఉపాధి. రెండు గంటలకు పైగా శీతలీకరణ నీరు బయటికి పోయింది, రియాక్టర్ గర్భం కొంత కరిగింది. దీపం చెడిపోలేదు, అబద్ధమూ చెప్పలేదు. తనను అడగని ప్రశ్నకు అది జవాబు చెప్పిందని ఆపరేటర్లు అనుకున్నారు.

నలభై ఏళ్ల తర్వాత 2020 మే 7న విశాఖపట్నం ఆర్.ఆర్. వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి వచ్చి పన్నెండు మంది ప్రాణాలు తీసింది. స్టైరీన్ వేడెక్కితే తనలో తానే అణువులు గుచ్చుకుంటూ ఇంకా వేడిని పుట్టిస్తుంది. రాష్ట్ర ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ ఎత్తిచూపిన లోపాల్లో ఉష్ణోగ్రత కొలత ఒకటి. ఆ ట్యాంకులో కొలత అడుగునే ఉంది, పై పొరల వేడి చెప్పే సాధనం లేదు. కింద చల్లగా ఉంటే ట్యాంకంతా చల్లగా ఉన్నట్టేనా? ద్రవం బాగా కలుస్తున్నంతకాలం అవును. అది ఆగిన రోజున అడుగున ఉన్న థర్మామీటర్‌ను ఎంత శుద్ధంగా కాలిబ్రేట్ చేసినా ఫలితం లేదు. ఇంతకీ ఏది కొలవాలో, ఎక్కడ కొలవాలో తేల్చే అధికారం ఐటీఐ చదివినవాడి చేతిలో ఉండదు. పై మెట్టున ఉన్నవాళ్ల చేతిలో ఉంటుంది. తొలి మెట్టు సర్టిఫికెట్ గురించి చెప్పేటప్పుడు ఈ మాట దాటేయడం అన్యాయం.

తత్త్వశాస్త్రంలో మరో పాత వివాదం లేమి గురించి. బల్ల మీద కుండ లేదన్న సంగతి దేనివల్ల తెలుస్తుంది? నైయాయికులు ప్రత్యక్షం వల్లనే అన్నారు. భాట్ట మీమాంసకులు, అద్వైతులు అనుపలబ్ధి అనే వేరే ప్రమాణాన్ని ఒప్పుకున్నారు. కనిపించకపోవడమే లేదనడానికి ఆధారం. అయితే దానికి ఒక కట్టుబాటు పెట్టారు. ఉంటే కనిపించి తీరాల్సిన పరిస్థితి ఉండాలి. చీకటి గదిలో కుండ కనిపించలేదు కాబట్టి లేదనడం చెల్లదు.

ట్రాన్స్‌మిటర్ సంకేతం 4 నుంచి 20 మిల్లీ ఆంపియర్ల మధ్య ఎందుకుంటుంది, సున్నా నుంచి ఎందుకు మొదలవదు అన్న ప్రశ్న ఈ ట్రేడ్ ఇంటర్వ్యూల్లో తప్పకుండా అడుగుతారు. దీనికి అసలు జవాబు ఆ కట్టుబాటులోనే ఉంది. ట్యాంకు ఖాళీగా ఉంటే 4 మిల్లీ ఆంపియర్లు వస్తాయి. తీగ తెగితే ఏమీ రాదు. ఖాళీకి సున్నానే పెట్టి ఉంటే, ట్యాంకులో ఏమీ లేదన్న వార్తకూ, వార్తే రాలేదనడానికీ తేడా ఉండేది కాదు. ఆ 4 మిల్లీ ఆంపియర్లు గదిలో దీపం వెలుగుతోందన్న హామీ. గాలి పీడనంతో నడిచిన పాత తరం పరికరాల్లో సంకేతం 3 నుంచి 15 పీఎస్ఐ వరకు ఉండేది, కారణం ఇదే. ఈ పద్ధతిని ఇంకాస్త ముందుకు తీసుకెళ్లి, 3.6 మిల్లీ ఆంపియర్లకు తగ్గినా 21కి మించినా అది కొలత కాదు, పరికరం చెడిందన్న కబురు అని యూరప్‌లోని నామూర్ సంస్థ సిఫారసు ఖాయం చేసింది. లేమిని ఇంత జాగ్రత్తగా రకాలుగా విడదీసిన రంగం నవ్యన్యాయం తర్వాత ఇదేనేమో.

ఇక మిగిలింది శబ్దం, అంటే ఆప్తవాక్యం. సర్టిఫికెట్ ఈ కోవలోకే వస్తుంది. విశాఖలోని రిఫైనరీ అధికారికి, రాయలసీమలోని ఏదో ఐటీఐలో రెండేళ్ల కింద ఫలానా విద్యార్థి ట్రాన్స్‌మిటర్‌ను సరిగ్గా కాలిబ్రేట్ చేశాడని తెలిసే దారి లేదు. అది చూసినవారు చెప్పాలి, చెప్పినవారు నమ్మదగినవారై ఉండాలి. ఆప్తుడు ఎవరు? విషయాన్ని తాను నేరుగా ఎరిగి, ఎరిగినట్టే చెప్పాలనుకునేవాడు. ఈ లక్షణం ఋషికీ, ఆర్యుడికీ, మ్లేచ్ఛుడికీ సమానమేనని వాత్స్యాయనుడు ప్రత్యేకంగా రాశాడు. తరతరాలుగా చేతిపని చేసినవారిని చదువుకు దూరంగా ఉంచిన సమాజంలో ఇది చిన్న మాట కాదు. కులం, పుట్టుక కాకుండా ఎరుకా నిజాయితీయే మాటకు విలువనిస్తాయన్న సూత్రానికి, లోపాలెన్ని ఉన్నా, ట్రేడ్ సర్టిఫికెట్ దగ్గరి చుట్టం.

లోపాలూ ఉన్నాయి. సర్టిఫికెట్ చెప్పేది పరీక్ష నాటి సంగతి. పరికరాలు చాలని ఐటీఐలో డెడ్ వెయిట్ టెస్టర్‌ను బొమ్మలో చూసి పాసైనవారికీ, నూనె చేతికి అంటించుకుని పాసైనవారికీ అదే కాగితం వస్తుంది. అంటే శబ్దప్రమాణం కూడా పరతఃప్రామాణ్యానికి లోబడాల్సిందే. మొదటి ఉద్యోగంలో, మొదటి షట్‌డౌన్‌లో, లూప్ చెకింగ్ చేసే చేతిలో అది రుజువు కావాలి. అన్నిటికంటే పెద్ద చిక్కు వేరే ఉంది. సర్టిఫికెట్ పుచ్చుకున్న రోజు నుంచి ఆ మెకానిక్ సంతకమే ఇతరులకు ఆప్తవాక్యం అవుతుంది. గేజీ దగ్గరికి వెళ్లకుండా, కిందటేడాది రిపోర్టు ముందు పెట్టుకుని అంకెలు అటూ ఇటూ మార్చి కొత్త రిపోర్టు రాయడం ఈ వృత్తిలో అందరికీ తెలిసిన పాపం. పని ఒత్తిడి దానికి సాకు. కానీ ఆ కాగితాన్ని నమ్మి వాల్వు తిప్పే మనిషి దాన్ని ప్రత్యక్షంగా సరిచూసుకోలేడు, అందుకే అది మామూలు అబద్ధం కంటే బరువైనది.

మతానికి ఇందులో చోటెక్కడ? దసరాకు ఆయుధపూజలో గేజీలకూ మల్టీమీటర్లకూ కుంకుమ బొట్టు పెడతారు. 2022లో ఐటీఐ విద్యార్థులకు తొలి స్నాతకోత్సవం జరిపినది విశ్వకర్మ జయంతి నాడే, సెప్టెంబరు 17న. పూజించిన పరికరాన్నే మర్నాడు అనుమానించి పరీక్షకు పెట్టడం విరుద్ధంగా కనిపించవచ్చు. ఉదయనుడికి అలా కనిపించి ఉండేది కాదు. ఈశ్వరుడున్నాడని నిరూపించడానికి న్యాయకుసుమాంజలి రాసిన ఆ తార్కికుడే, అందులోనే, సందేహానికి ఎక్కడ హద్దో కూడా తేల్చాడు. మనిషి తన నడతను తానే కాదనుకోవాల్సి వచ్చే చోట సందేహం ఆగుతుంది. ఆకలి తీరుతుందో లేదో అని వాదిస్తూనే అన్నం తినేవాడి సందేహం ఉత్తమాట. ఆయన సంప్రదాయంలో భక్తి, పరీక్ష పక్కపక్కనే కూర్చున్నాయి. బొట్టు మాత్రం అద్దం మీద స్కేలుకు అడ్డం రాకుండా పెట్టాలి.

ఆచరణలో ఒక సంగతి తేలకుండా ఉంది. కాలిబ్రేట్ చేసిన ప్రతి గేజీ మీదా స్టిక్కర్ అంటిస్తారు. ఎప్పుడు సరిచూశారో, మళ్లీ ఎప్పటికల్లా సరిచూడాలో దాని మీద ఉంటుంది. గడువు దాటిన గేజీ అంకె చెల్లదు. అమెరికాలో 1945లో మొదలైన ఐఎస్ఏ సంస్థ ఇచ్చే కంట్రోల్ సిస్టమ్స్ టెక్నీషియన్ సర్టిఫికెట్‌కూ గడువుంది, మూడేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. భారతదేశంలో నేషనల్ ట్రేడ్ సర్టిఫికెట్‌కు అలాంటి గడువు లేదు, పద్దెనిమిదేళ్లప్పుడు వచ్చినది రిటైరయ్యేదాకా చెల్లుతుంది. తూచే తక్కెడ కూడా తూకానికి రావాలన్న న్యాయసూత్రం పరికరానికి ఎంత వర్తిస్తుందో, దాన్ని సరిచూసే చేతికీ అంతే వర్తిస్తుంది. నాలుగైదేళ్లకొకసారి మళ్లీ వర్క్‌షాప్‌లో చేయి చూపించే ఏర్పాటు ఉండాలి. ఆ ఖర్చు, సెలవు కార్మికుడి నెత్తిన పడకుండా యాజమాన్యాలే భరించాలి.